గల్ఫ్‌లో అమెరికన్ తరహా యూనివర్సిటీ: ప్రోగ్రామ్ ఎంపిక నుంచి ఎనిమిది సెమిస్టర్ల ప్లాన్ దాకా

గల్ఫ్‌లోని అమెరికన్ తరహా యూనివర్సిటీల గురించి అడిగేవాళ్లలో ముఖ్యంగా రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తూ పిల్లల్ని అక్కడే డిగ్రీ చదివించాలనుకునే తల్లిదండ్రులు ఒకరు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటర్ ముగించి, అమెరికా ఖర్చు తట్టుకోలేక దగ్గర్లో అదే తరహా చదువు కోసం చూసేవాళ్లు రెండో రకం. ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

ఉదాహరణకు అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ షార్జాను తీసుకుంటున్నాను. 1997లో మొదలైన ఈ యూనివర్సిటీలో ఇంజనీరింగ్, బిజినెస్, ఆర్ట్స్ అండ్ సైన్సెస్, ఆర్కిటెక్చర్-డిజైన్ విభాగాలు ఉన్నాయి. మెడిసిన్, లా లేవు. పద్ధతి మాత్రం దుబాయ్, కైరో, బీరూట్‌లలోని ఇలాంటి యూనివర్సిటీలకూ దాదాపు ఇదే. ఫీజులు, గడువు తేదీలు ఏటా మారతాయి కాబట్టి అవి ఇక్కడ రాయడం లేదు.

## 1. ముందు రాసుకోవాల్సింది: ఈ డిగ్రీని ఎక్కడ వాడతారు?

చాలామంది బ్రాంచ్‌తో మొదలుపెడతారు. "కంప్యూటర్ సైన్స్ ఉందా, సీటు వస్తుందా" అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. డిగ్రీ చేతికొచ్చాక దాన్ని ఎవరికి చూపించాలో అంతకంటే ముందు తేల్చుకోవాలి. మిగతా నిర్ణయాలన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

గల్ఫ్‌లోనే ఉద్యోగం: ఆ దేశ ప్రభుత్వ లైసెన్స్, ప్రోగ్రామ్ గుర్తింపు ఉంటే చాలు. యూఏఈలో ఈ పని కమిషన్ ఫర్ అకడమిక్ అక్రెడిటేషన్ చూస్తుంది.

ఇండియాలో పీజీ లేదా ప్రభుత్వ ఉద్యోగం: డిగ్రీకి సమానత్వ పత్రం (ఈక్వివలెన్స్ సర్టిఫికెట్) కావాలి. విదేశీ డిగ్రీల సమానత్వంపై యూజీసీ 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది. అంతకుముందు ఈ పత్రం ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) ఇచ్చేది. మెడిసిన్, ఫార్మసీ, నర్సింగ్, లా, ఆర్కిటెక్చర్ ఈ నిబంధనల్లోకి రావు, వాటికి ఆయా కౌన్సిళ్లే దిక్కు.

అమెరికాలో ఎంఎస్: నాలుగేళ్ల డిగ్రీ కాబట్టి అడ్మిషన్‌కు ఇబ్బంది ఉండదు. అమెరికా అక్రెడిటేషన్ (నాణ్యత గుర్తింపు) ఉన్న యూనివర్సిటీ అయితే ట్రాన్స్‌క్రిప్ట్ (అన్ని కోర్సుల గ్రేడ్ల పత్రం) చదివేవాళ్లకు పని తేలిక.

అపోహ పడేది మాస్టర్స్ విషయంలో. హెచ్‌1బీ లాటరీలో మాస్టర్స్ వాళ్లకు విడిగా ఉన్న 20,000 కోటా అమెరికా గడ్డమీద ఉన్న యూనివర్సిటీల డిగ్రీలకే వర్తిస్తుంది. షార్జా డిగ్రీకి అమెరికా అక్రెడిటేషన్ ఉన్నా ఆ కోటా రాదు, ఓపీటీ (అమెరికాలో చదివాక అక్కడ కొంతకాలం పనిచేసే అనుమతి) కూడా రాదు. ఏ కన్సల్టెన్సీ అయినా "అమెరికా మాస్టర్స్‌తో సమానం, వీసాకు కూడా" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

లైసెన్స్ కావాల్సిన వృత్తి: ఆర్కిటెక్ట్‌గా ఇండియాలో పనిచేయాలంటే చేరకముందే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌ను అడిగి తెలుసుకోవాలి. మెడిసిన్ అయితే మరీ జాగ్రత్త. 2021 నాటి ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల కోర్సు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇంగ్లిష్ మీడియం ఉండాలి, చదివిన దేశంలో ప్రాక్టీస్ చేయడానికి అర్హత కూడా రావాలి. నీట్ సరేసరి. బీరూట్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో మెడిసిన్ అంటే అమెరికా పద్ధతిలో ముందు డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల ఎండీ. మన ఎంబీబీఎస్ లెక్కతో దాన్ని చూడకూడదు.

## 2. గుర్తింపును మూడు మెట్లుగా చూడండి

బోర్డు మీద "అమెరికన్" అన్న మాట పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి పేరు చూసి నమ్మడానికి లేదు.

మొదటి మెట్టు, ఆ దేశ లైసెన్స్. యూనివర్సిటీకి ఉంటే చాలదు, మీరు చేరబోయే ప్రోగ్రామ్‌కూ ఉండాలి.

రెండో మెట్టు, యూనివర్సిటీ మొత్తానికి అమెరికా అక్రెడిటేషన్. అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ షార్జాకు, కైరో, బీరూట్‌లలోని అమెరికన్ యూనివర్సిటీలకు మిడిల్ స్టేట్స్ కమిషన్ గుర్తింపు ఉంది. అమెరికన్ యూనివర్సిటీ ఇన్ దుబాయ్‌కి గుర్తింపు ఇచ్చింది సదరన్ అసోసియేషన్ కమిషన్. ఇవి రెండూ అమెరికాలో పేరున్న సంస్థలే.

మూడో మెట్టు, ప్రోగ్రామ్‌కు విడిగా ఇచ్చే వృత్తి గుర్తింపు. ఇంజనీరింగ్‌కు ఏబెట్, బిజినెస్‌కు ఏఏసీఎస్‌బీ, ఆర్కిటెక్చర్‌కు ఎన్‌ఏఏబీ. షార్జాలో ఐదేళ్ల బ్యాచిలర్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌కు ఎన్‌ఏఏబీ గుర్తింపు ఉంది.

ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. ఏఏసీఎస్‌బీలో సభ్యత్వం వేరు, అక్రెడిటేషన్ వేరు. సభ్యత్వ రుసుము కట్టి బ్రోషర్‌లో లోగో వేసుకునే కాలేజీలు ఉంటాయి. రెండోది, ఏబెట్ ఒక్కో ప్రోగ్రామ్‌కు విడిగా వస్తుంది, అదీ మొదటి బ్యాచ్ డిగ్రీ పుచ్చుకున్న తర్వాతే. అందుకే నిరుడు మొదలైన "ఏఐ ఇంజనీరింగ్" కోర్సుకు ఏబెట్ ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది మంచి కోర్సే కావచ్చు, గుర్తింపు మాత్రం ఇంకా రాలేదు.

చూసుకోవాల్సినవి:

- ప్రోగ్రామ్ పూర్తి పేరు గుర్తింపు సంస్థ సొంత జాబితాలో ఉందా? యూనివర్సిటీ బ్రోషర్ లెక్కలోకి రాదు.
- "క్యాండిడేట్", "మెంబర్", "అప్లైడ్" అన్న మాటలు ఉన్నాయా? ఉంటే గుర్తింపు ఇంకా రానట్టే.
- బ్యాచిలర్స్‌కు ఉన్న గుర్తింపునే మాస్టర్స్‌కు కూడా ఉన్నట్టు చెబుతున్నారా?
- డిగ్రీ పత్రం మీద ఏ యూనివర్సిటీ పేరు వస్తుంది?

## 3. డిగ్రీ, సర్టిఫికెట్ కలిపి చూడకండి

బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీ క్రెడిట్లు ఉన్న చదువులు. వీటితోపాటు ఉద్యోగస్తుల కోసం సాయంత్రాలు, వారాంతాల్లో నడిచే చిన్న సర్టిఫికెట్ కోర్సులు కూడా ఉంటాయి. పనిలో అవి ఉపయోగపడతాయి కానీ చాలావాటికి అకడమిక్ క్రెడిట్ ఉండదు. "ఈ సర్టిఫికెట్ చేస్తే తర్వాత ఎంబీఏలో కలుస్తుందా?" అని అడగండి. కలుస్తుందంటే ఆ మాట మెయిల్‌లో రాయించుకోండి.

## 4. కేటలాగ్ ముందు పెట్టుకుని కూర్చోండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, ఎక్కువమంది వదిలేసేది కూడా ఇదే. వెబ్‌సైట్ మొదటి పేజీలో ఉండేది ప్రచారం. యూనివర్సిటీ తనకు తాను కట్టుబడేది అకడమిక్ కేటలాగ్‌కే (కోర్సులు, నియమాలు ఉండే పుస్తకం). మీరు చేరిన ఏడాది కేటలాగ్‌లో ఏం రాసి ఉందో అదే సాధారణంగా మీ డిగ్రీకి వర్తిస్తుంది. అందుకే ఆ పీడీఎఫ్‌ను చేరిన రోజే దాచుకోండి.

మన ఇంజనీరింగ్ కాలేజీలో సిలబస్ అందరికీ ఒకటే, టైమ్‌టేబుల్ కాలేజీయే ఇస్తుంది. ఇక్కడ అలా కాదు, కోర్సులు మీరే ఏరుకోవాలి. బ్యాచిలర్స్‌కు సాధారణంగా 120 క్రెడిట్లు, ఇంజనీరింగ్‌కు అంతకంటే ఎక్కువ. మూడు క్రెడిట్ల కోర్సు అంటే వారానికి దాదాపు మూడు గంటల క్లాసు, దానికి రెట్టింపు గంటలు ఇంట్లో సొంతంగా చదువు.

కేటలాగ్‌ను ఈ వరసలో చదవండి:

1. మీ మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) కావాల్సిన మొత్తం క్రెడిట్లు.
2. జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు: రైటింగ్, గణితం, సైన్స్, హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్. షార్జాలో అరబ్ చరిత్ర, సంస్కృతికి సంబంధించినవి కూడా ఉంటాయి.
3. మేజర్‌లో తప్పనిసరి కోర్సులు, ఒక్కోదానికి ముందు చదవాల్సిన ప్రీరిక్విజిట్.
4. మేజర్ ఎలెక్టివ్‌లు (మేజర్‌లో మీరు ఎంచుకునేవి), ఫ్రీ ఎలెక్టివ్‌లు (ఏ విభాగం నుంచైనా ఎంచుకునేవి).
5. ఇంటర్న్‌షిప్, చివరి ఏడాది ప్రాజెక్టు షరతులు.
6. మేజర్ మార్చుకోవడానికి ఎంత జీపీఏ (4 మీద లెక్కించే గ్రేడ్ల సగటు) కావాలి.

ఆరో అంశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. "ముందు ఏదో ఒక దాంట్లో చేరు, తర్వాత కంప్యూటర్‌కు మారొచ్చు" అన్నది అందరూ ఇచ్చే సలహా. డిమాండ్ ఉన్న మేజర్లకు మారాలంటే జీపీఏ షరతు, సీట్ల పరిమితి ఉంటాయి.

జనరల్ ఎడ్యుకేషన్ అంటే మనవాళ్లకు చిరాకు. "ఇంజనీర్‌కు ఫిలాసఫీ ఎందుకు?" అంటారు. ఆ చిరాకు తగ్గదనుకుంటే ఈ తరహా చదువు జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. డిగ్రీలో పెద్ద భాగమే అవి.

## 5. ఇంటర్ గ్రూపును బట్టి తలుపులు

ఎంపీసీ వాళ్లకు ఇంజనీరింగ్, కంప్యూటింగ్, బిజినెస్, ఆర్కిటెక్చర్ దారులు ఉంటాయి. బైపీసీలో గణితం లేదు కాబట్టి ఇంజనీరింగ్ కష్టం. బయాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లాంటివి చూడాలి. ఎంఈసీ వాళ్లకు బిజినెస్, ఎకనామిక్స్ సరిపోతాయి. సీఈసీ వాళ్లు గణితం షరతు ఏమిటో అప్లై చేసేముందే అడగాలి, ఫైనాన్స్‌కు కూడా క్యాలిక్యులస్, స్టాటిస్టిక్స్ తప్పవు.

## 6. కాగితాలు: మనవాళ్లు ఆగిపోయేది ఇక్కడే

తెలుగువాళ్ల సమస్య మార్కులు కాదు, పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందో పొడి అక్షరంగానో ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో పూర్తిగా ఉంటుంది. ఇంకొందరికి సర్‌నేమ్ గడి ఖాళీ. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లకు యూఏఈ 2022 నవంబర్ నుంచి విజిట్ వీసాల విషయంలో ఆంక్షలు పెట్టింది.

వరస ఇలా ఉండాలి. ముందు పాస్‌పోర్టు సరిచేయించండి, అప్లికేషన్ పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపండి, ఆ తర్వాతే అటెస్టేషన్‌కు పంపండి. మెమోలో పేరు తేడా ఉంటే రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ చేయించి, అది సరిపోతుందా అని అడ్మిషన్ ఆఫీసును మెయిల్‌లో అడగండి.

అటెస్టేషన్ దారి: రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఇండియాలోని యూఏఈ రాయబార కార్యాలయం, చివరికి యూఏఈ విదేశాంగ శాఖ. యూఏఈకి అపోస్టిల్ ముద్ర (విదేశాల్లో వాడే పత్రాలకు మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ) ఒక్కటే సరిపోదు. ఇంటర్ సర్టిఫికెట్‌కు యూఏఈ విద్యాశాఖ సమానత్వ పత్రం కూడా అడుగుతారు.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- ఎస్ఎస్‌సీ మెమో, ఇంటర్ రెండేళ్ల మెమోలు, పాస్ సర్టిఫికెట్
- తొమ్మిది, పది తరగతుల మార్కుల పట్టిక, హెడ్‌మాస్టర్ సంతకం, స్కూల్ ముద్రతో
- టీసీ, బోనఫైడ్
- ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్ స్కోరు. ఇవి రెండేళ్లే చెల్లుతాయి
- అడిగితే శాట్ స్కోరు
- పాస్‌పోర్టు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటోలు

తొమ్మిదో తరగతి మార్కులు ఎవరూ దాచుకోరు. ఇంటర్ పరీక్షల హడావిడి మొదలుకాకముందే పాత స్కూలుకు వెళ్లి తెచ్చుకోండి. ఫాల్ సెమిస్టర్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది, ఇంటర్ ఫలితాల దాకా ఆగితే స్కాలర్‌షిప్ గడువు దాటిపోవచ్చు. ఫస్టియర్ మెమోతో అప్లై చేసి, షరతులతో అడ్మిషన్ తీసుకుని, సెకండియర్ మెమో తర్వాత పంపడం సరైన పద్ధతి.

## 7. డబ్బు లెక్క

ట్యూషన్ ఫీజు ఒక్కటే చూడకండి. హాస్టల్, ల్యాబ్ ఫీజులు, పుస్తకాలు, ఆరోగ్య బీమా, వీసా, డిపాజిట్, ఏడాదికి ఒక రాకపోకల టికెట్ కలిపి వేయండి. యూఏఈ దిర్హం డాలర్‌కు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. అంటే రూపాయి డాలర్ ముందు తగ్గినప్పుడల్లా గల్ఫ్ ఫీజు కూడా అమెరికా ఫీజు లాగే పెరుగుతుంది. నాలుగేళ్ల లెక్కలో ఆ పెరుగుదలకు కొంత చోటు వదలండి.

అమ్మానాన్నలు యూఏఈలో ఉంటే పెద్ద ఆదా ఇంటి నుంచి వెళ్లి రావడమే. పెళ్లికాని కొడుకును 25 ఏళ్ల దాకా, పెళ్లికాని కూతురిని వయసు పరిమితి లేకుండా తల్లిదండ్రుల వీసా మీదే ఉంచుకోవచ్చు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు యూనివర్సిటీ స్టూడెంట్ వీసా వస్తుంది.

స్కాలర్‌షిప్ వస్తే "ఎంత?" అని అడిగాక ఇంకో ప్రశ్న అడగండి: "నిలబెట్టుకోవడానికి ప్రతి సెమిస్టర్‌కు ఎంత జీపీఏ, ఎన్ని క్రెడిట్లు ఉండాలి?" మొదటి ఏడాది పోగొట్టుకునేవాళ్లు ఎక్కువగా ఈ షరతు తెలియనివాళ్లే.

## 8. ప్లేస్‌మెంట్ టెస్టును తేలిగ్గా తీసుకోవద్దు

అడ్మిషన్ వచ్చాక, ఏ స్థాయి కోర్సుతో మొదలుపెట్టాలో తేల్చడానికి గణితం, ఇంగ్లిష్, కొన్ని చోట్ల ఫిజిక్స్ కూడా పరీక్షిస్తారు. ఇది పాస్, ఫెయిల్ పరీక్ష కాదు కాబట్టి "ఊరికే రాసొద్దాం" అనుకుంటారు. గణితంలో తక్కువ వస్తే క్యాలిక్యులస్‌కు బదులు ప్రీ-క్యాలిక్యులస్‌లో వేస్తారు. దాని క్రెడిట్లు తరచూ డిగ్రీలో కలవవు, ఫీజు మాత్రం కట్టాలి.

ఎంపీసీ పిల్లలకు గణితం బలమే కానీ ఈఏపీసెట్, జేఈఈ అలవాటులో జవాబు టిక్ పెట్టి వదిలేస్తారు. ఇక్కడి పరీక్షల్లో ప్రతి మెట్టుకూ మార్కులు ఉంటాయి. వాళ్లకు అసలు దెబ్బ రైటింగ్ కోర్సులో తగులుతుంది. ఒక వాదన ఎంచుకుని, ఆధారాలు వెతికి, సొంత మాటల్లో నాలుగైదు పేజీలు రాయడం మన ఇంటర్‌లో ఎక్కడా నేర్పరు. చేరకముందు దొరికే రెండు మూడు నెలల్లో రోజుకో పేజీ ఇంగ్లిష్‌లో రాసే అలవాటు చేసుకోండి. కోచింగ్ కంటే ఇదే నయం.

## 9. ఎనిమిది సెమిస్టర్ల పట్టిక

ఒక పెద్ద కాగితం మీద ఎనిమిది గళ్లు గీయండి. ఒక్కో గడిలో 15 నుంచి 17 క్రెడిట్లు.

మొదట ప్రీరిక్విజిట్ గొలుసు నింపండి. ఎలక్ట్రికల్‌లో అయితే క్యాలిక్యులస్ ఒకటి, రెండు, ఆపై డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, సర్క్యూట్స్, సిగ్నల్స్. ఈ గొలుసులో ఒక కొక్కెం తెగితే వెనకవన్నీ జారతాయి. కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే నడుస్తాయి కాబట్టి ఒక ఎఫ్ గ్రేడుకు ఏడాది పోవచ్చు. మన దగ్గర బ్యాక్‌లాగ్ ఉన్నా పై సెమిస్టర్‌కు వెళ్లొచ్చు, సప్లీ రాసుకోవచ్చు. ఇక్కడ సప్లీ అన్న మాటే లేదు, కోర్సు మొత్తం డబ్బు కట్టి మళ్లీ చదవాలి.

గొలుసు నింపాక జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులను బరువైన సెమిస్టర్ల పక్కన సర్దండి. మొదటి ఏడాదే అన్నీ తోసేస్తే మూడో ఏడాది ఐదు గట్టి ఇంజనీరింగ్ కోర్సులు ఒకేసారి మీద పడతాయి. ఇంటర్న్‌షిప్ వేసవిని ఖాళీగా వదలండి.

ఈ కాగితంతో అడ్వైజర్ దగ్గరికి వెళ్లండి. "నాకు ఏం తీసుకోవాలో చెప్పండి" అంటే రెండు నిమిషాల్లో పంపేస్తారు. "ఇందులో తప్పెక్కడ ఉంది?" అంటే కూర్చుని చూస్తారు.

## 10. జీపీఏ లెక్క, డ్రాప్ చేసే పద్ధతి

గ్రేడు పాయింట్లను క్రెడిట్లతో గుణించి, మొత్తాన్ని క్రెడిట్లతో భాగించాలి. గణితం 3 క్రెడిట్లు బీ (9), ఫిజిక్స్ 3 క్రెడిట్లు బీ ప్లస్ (9.9), ఫిజిక్స్ ల్యాబ్ 1 క్రెడిట్ ఏ (4), రైటింగ్ 3 క్రెడిట్లు సీ (6), చరిత్ర 3 క్రెడిట్లు ఏ (12) అనుకోండి. మొత్తం 40.9, 13తో భాగిస్తే 3.15.

మొదటి సెమిస్టర్‌ను నిర్లక్ష్యం చేస్తే ఎంత భారమో చూడండి. 15 క్రెడిట్లకు 2.0 వచ్చిందంటే, 60 క్రెడిట్ల నాటికి 3.0 చేరడానికి మిగతా 45 క్రెడిట్లలో సగటున 3.33 తెచ్చుకోవాలి. 2.0 కిందికి పడితే ప్రొబేషన్, అంటే గ్రేడ్లు మెరుగుపరచుకోమన్న హెచ్చరిక.

కోర్సు వదలడానికి రెండు గడువులు ఉంటాయి. మొదటి వారం అటూఇటూ ఉండే యాడ్-డ్రాప్ గడువులోపు వదిలితే ట్రాన్స్‌క్రిప్ట్‌లో జాడ ఉండదు. ఆ తర్వాత వదిలితే డబ్ల్యూ (విత్‌డ్రా) పడుతుంది. జీపీఏ తగ్గదు, కానీ డబ్బు పోతుంది. మిడ్‌టర్మ్ మార్కులు చూసి డబ్ల్యూ తీసుకోవడం ఎఫ్ కంటే చాలా మేలు. కాకపోతే 12 క్రెడిట్ల కిందికి దిగితే ఫుల్‌టైమ్ హోదా పోతుంది, దాంతో స్కాలర్‌షిప్, స్టూడెంట్ వీసా ఇబ్బందిలో పడతాయి. వదిలేముందు ఆ అంకె చూసుకోండి.

## 11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

సీనియర్ రికార్డు చూసి రాయడం. మన కాలేజీల్లో ఇది మామూలే. ఇక్కడ నేరం. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, దొరికితే కోర్సులో ఎఫ్ రావచ్చు, ఫైల్‌లో నమోదవుతుంది. కలిసి చదవండి, రాసేటప్పుడు విడిగా కూర్చోండి.

ఫైనల్ పరీక్ష ముందు చదివితే చాలనుకోవడం. క్విజ్‌లు, హోంవర్క్, మిడ్‌టర్మ్‌లు, ప్రాజెక్టు కలిపే గ్రేడు వస్తుంది. మొదటి క్లాసులో ఇచ్చే సిలబస్ కాగితంలో శాతాలు ఉంటాయి. అన్ని కోర్సుల తేదీలూ ఆ రోజే ఒక క్యాలెండర్‌లో ఎక్కించండి.

ప్రొఫెసర్ గదికి వెళ్లడానికి మొహమాటం. ఆఫీస్ అవర్స్ మీ ఫీజులో భాగమే. తప్పు చేసిన లెక్క పట్టుకుని వెళ్లండి. రేపు ఎంఎస్‌కు రికమండేషన్ రాయాల్సింది కూడా వీళ్లే.

అటెండెన్స్ తగ్గితే తర్వాత డబ్బు కట్టి సర్దుకోవచ్చనుకోవడం. కండోనేషన్ ఫీజు లాంటిది ఇక్కడ ఉండదు. పరిమితి దాటితే కోర్సు నుంచి తీసేస్తారు. పెళ్లికి ఇండియా రావాలంటే ముందు సిలబస్‌లోని పరీక్షల తేదీలు చూసి, ఆ తర్వాత టికెట్ బుక్ చేయండి.

## 12. మధ్యలో అమెరికాకు మారాలనుకుంటే

రెండేళ్లు గల్ఫ్‌లో, మిగతా రెండేళ్లు అమెరికాలో అన్నది చాలా ఇళ్లలో వినిపించే ప్లాన్. చేయొచ్చు. కానీ ఏ కోర్సుకు క్రెడిట్ ఇవ్వాలో తీసుకునే యూనివర్సిటీయే తేలుస్తుంది. సాధారణంగా సీ లేదా అంతకంటే పై గ్రేడు ఉన్న కోర్సులే చూస్తారు, కనీసం ఇన్ని క్రెడిట్లు తమ దగ్గరే చదవాలని షరతు పెడతారు. గణితం, ఫిజిక్స్, రైటింగ్, ఎకనామిక్స్ లాంటి మౌలిక కోర్సులు తేలిగ్గా కలుస్తాయి. స్థానిక సంస్కృతి కోర్సులు ఎక్కువగా ఫ్రీ ఎలెక్టివ్‌గా పోతాయి.

మారే ఆలోచన ఉన్నా లేకపోయినా ప్రతి సెమిస్టర్ చివర ఇవి ఒక ఫోల్డర్‌లో వేయండి:

- ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్. ప్రొఫెసర్ వెళ్లిపోతే మళ్లీ దొరకడం కష్టం
- ఆ ఏడాది కేటలాగ్ పేజీలు
- అనధికారిక ట్రాన్స్‌క్రిప్ట్
- ఫీజు రసీదులు, స్కాలర్‌షిప్ లేఖ
- ఇంటర్న్‌షిప్ పత్రం, కంపెనీ ముద్రతో
- అడ్వైజర్ ఒప్పుకున్న కోర్సు మార్పుల మెయిళ్లు

చివరి సెమిస్టర్‌కు ముందు సెమిస్టర్‌లోనే డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఇంకా ఏం మిగిలాయో చూసే లెక్క) అడగండి. ఒక్క క్రెడిట్ ల్యాబ్ మిగిలిపోయినా డిగ్రీ ఇవ్వరు. అప్పటికింకా దాన్ని చివరి టైమ్‌టేబుల్‌లో సర్దుకునే వీలుంటుంది.